కలివికోడి, నీలిమందు, ఆఫ్రికా: వలసపాలనను తిరగదోడుతున్న సమకాలీన కళ

ఆఫ్రికా వారసత్వం, వలసపాలన, అంతరించిపోతున్న వన్యప్రాణులు: ఈ మూడింటినీ విడదీయకుండా చూపించే కళాకృతులు గత పాతికేళ్లలో ప్రపంచ ప్రదర్శనశాలల్లో గట్టి చోటు సంపాదించాయి. లండన్‌లో పుట్టి లాగోస్‌లో పెరిగిన యింకా షోనిబారే, జొహానెస్‌బర్గ్‌కు చెందిన విలియం కెంట్రిడ్జ్, ఘనాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన జాన్ అకోంఫ్రా, మనిషి ఒంటినీ జంతువు ఒంటినీ కలిపి కొత్త రూపాలు అల్లే కెన్యా కళాకారిణి వంగేచి ముటు ఈ ధారలో ముందు వరసలో నిలుస్తారు. వీరి పనిలో మనిషిని అమ్మిన చరిత్ర, మృగాన్ని చంపిన చరిత్ర పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ రెంటినీ కలపడం కళాకారుల చమత్కారమేనని, అసలు చరిత్రలో వాటి మధ్య అంత చుట్టరికం లేదని అనుకునేవారున్నారు. ఆధారాలు చూస్తే ఆ మాట నిలవదు. ఒకే వ్యాపారం, ఒకే తుపాకి, ఒకే లెక్కల పుస్తకం మనిషినీ మృగాన్నీ సరుకు చేశాయి. దీనికి సాక్ష్యం వెతకడానికి పశ్చిమాఫ్రికా దాకా పోనక్కరలేదు. కడప జిల్లాలోనే, ఒకప్పుడు అక్కడి మైదానాల్లో పండిన నీలిమందులో కొంత దొరుకుతుంది. ఇడుపులపాయ కొండలకు ఈశాన్యాన లంకమల చిట్టడవిలో బతికిన కలివికోడి అనే పక్షి కథలో మిగతాది దొరుకుతుంది.

షోనిబారే (జననం 1962) ప్రధాన సాధనం బట్ట. ‘డచ్ వ్యాక్స్’ పేరుతో చలామణి అయ్యే ముదురు రంగుల అచ్చుగుడ్డను చూడగానే ఎవరైనా ఆఫ్రికా బట్ట అంటారు. జావా మైనపు అద్దకాన్ని యంత్రాలమీద అనుకరించి అక్కడే అమ్ముకోవాలని నెదర్లాండ్స్ మిల్లులు చేసిన ప్రయత్నంలో అది పుట్టింది. జావాలో ఆశించిన గిరాకీ రాలేదు. 19వ శతాబ్దం చివరికి పశ్చిమాఫ్రికా తీరంలో స్థిరపడి, అక్కడి ప్రజల ఇష్టంతో వారి సొంతమైంది. వలస వ్యాపారం ఎన్ని సముద్రాలు దాటి ఒక జాతి గుర్తుగా మారిందో చెప్పడానికి షోనిబారేకు ఈ బట్టే చాలింది. 2003లో చేసిన ‘ద స్క్రాంబుల్ ఫర్ ఆఫ్రికా’లో అదే గుడ్డతో కుట్టిన విక్టోరియా కాలపు కోట్లు తొడుక్కున్న పద్నాలుగు తలలేని బొమ్మలు, ఆఫ్రికా పటం గీసిన బల్ల చుట్టూ కూర్చుని బేరాలాడుతుంటాయి. 1884-85లో బెర్లిన్‌లో యూరపు దేశాలు ఆఫ్రికాను పంచుకోవడానికి జరిపిన సమావేశం అది. ‘ఆఫ్రికన్ బర్డ్ మ్యాజిక్’ వరసలో షోనిబారే ఇంకో అడుగు వేశాడు. గుడ్డముక్కలు కలిపి కుట్టిన ఆ పెద్ద బొంతల మీద ఆఫ్రికాలో ముప్పులో ఉన్న పక్షులు, వాటి పక్కన ఆఫ్రికా ముసుగులు కనిపిస్తాయి. ముసుగు యూరపు మ్యూజియానికి వెళ్లిపోయింది, పక్షి అడవిలోంచి మాయమవుతోంది. ఈ రెండు నష్టాలకూ మొదలు ఒకే చోట ఉందన్నది ఆ బొంతలు చెప్పే మాట.

ఈ బట్ట కథకు తెలుగు వైపున ఒక పూర్వకథ ఉంది. డచ్ వ్యాక్స్ రాకముందు పశ్చిమాఫ్రికా తీరం కోరి కొన్నది భారతదేశపు నూలుబట్టలను. 17, 18 శతాబ్దాల్లో కోరమండల్ తీరంలో నేసి నీలిలో ముంచిన గుడ్డలు యూరపు ఓడల్లో అక్కడికి చేరి, బానిసలను కొనడానికి ఇచ్చే మారకపు సరుకుల్లో ముఖ్యమైనవయ్యాయి. వాటికి గినీ గుడ్డలన్న పేరు స్థిరపడింది. బానిస వ్యాపారాన్ని చట్టాలు నిషేధించాక కూడా, 19వ శతాబ్దంలో పుదుచ్చేరి నుంచి వెళ్లిన గినీ గుడ్డ సెనెగల్ నది ఒడ్డున తుమ్మజిగురు వ్యాపారంలో డబ్బులా చెల్లింది. ఈ వ్యాపారానికి రంగునిచ్చిన నీలిమందు సాగుకు పేరుపడిన సీమల్లో కడప ఒకటి. 1800లో నిజాం చేతి నుంచి దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీకి దక్కాక ఇక్కడి నీలి లండన్ వేలంపాటల దాకా వెళ్లింది. అక్కడి వర్తకులు దాన్ని ‘కర్పా’ అని పిలిచేవారు, అది కడప పేరుకు వికృతి. కోసిన నీలిమండలను తొట్లలో నానబెట్టి, ఆ నీళ్లను గంటల తరబడి చిలికి, అడుక్కు దిగిన మడ్డిని కాచి, బిళ్లలుగా కోసి ఆరబెట్టేవారు. 1897లో జర్మనీ కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. కృత్రిమ నీలిని బజారులోకి దించడంతో ఆ సాగు కుప్పకూలింది. షోనిబారే బొమ్మల ఒంటిమీది గుడ్డకు ముందు ఆ తీరాన అమ్ముడైన గుడ్డ మన తీరం నుంచి వెళ్లిందంటే, అతని కళ మనకు పరాయి దేశపు విశేషం కాబోదు.

బట్ట నుంచి మృగానికి వస్తే కెంట్రిడ్జ్ (జననం 1955) పని ముందు చెప్పుకోవాలి. బెర్లిన్‌లో 2005లో ప్రదర్శించిన ‘బ్లాక్ బాక్స్’ ఒక చిన్న యాంత్రిక రంగస్థలం. మరబొమ్మలు, బొగ్గుగీతల చిత్రాలు, పాత ఫిల్ములు, సంగీతం కలిసి అందులో నడుస్తాయి. ఇతివృత్తం నేటి నమీబియాలో, అంటే నాటి జర్మన్ నైరుతి ఆఫ్రికాలో, 1904-08 మధ్య హెరెరో, నామా ప్రజలపై జరిగిన మారణహోమం. దాని మధ్యలో కెంట్రిడ్జ్ 1910ల నాటి ఒక వేట ఫిల్మును నడిపిస్తాడు: ఖడ్గమృగాన్ని కాల్చి పడగొట్టి, దాని పక్కన వేటగాళ్లు నిలబడే దృశ్యం. మనుషుల హత్య గురించిన కృతిలో జంతువు వేట ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఆ ఫిల్ములోనే ఉంది. చంపినవాడు కెమెరా ముందు నిలబడే తీరులో, చచ్చినదాన్ని లెక్కకెక్కించే తీరులో తేడా లేదు. హెరెరోల పుర్రెలు ‘పరిశోధన’ పేరుతో జర్మనీకి వెళ్లాయి, కొమ్ములు గోడ అలంకరణగా వెళ్లాయి. జర్మనీ ప్రభుత్వం ఆ హత్యాకాండను జాతిహననమని ఒప్పుకున్నది 2021 మేలో. కెంట్రిడ్జ్ ఆ మాట పదహారేళ్ల ముందే అదే దేశపు రాజధానిలో చెప్పాడు.

అకోంఫ్రా (జననం 1957) మూడు తెరల చిత్రం ‘వర్టిగో సీ’ ఇదే వాదనను సముద్రానికి తీసుకుపోయింది. 2015 వెనిస్ బియెన్నాలేలో ప్రదర్శించిన ఈ 48 నిమిషాల కృతిలో ఒక తెరమీద తిమింగలాల వేట, మరో తెరమీద ధ్రువపు ఎలుగుబంటి వేట, ఇంకో తెరమీద అట్లాంటిక్ మీదుగా సాగిన బానిస నౌకల జ్ఞాపకం ఒకేసారి నడుస్తాయి. సాక్ష్యానికీ ఆరోపణకూ తేడా చూసే పాఠకుడు ఇక్కడ ఆగి అడగవచ్చు: తిమింగలం వేటకూ బానిసత్వానికీ కారణాలు వేరు కదా, పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఒకటవుతాయా? ఈ అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. తెరలు పక్కపక్కన ఉండటం రుజువు కాబోదు, అది ప్రశ్న వేయడం మాత్రమే. రుజువు సరుకుల దారిలో ఉంది, ఆ దారిని దంతం అన్నిటికన్నా స్పష్టంగా చూపిస్తుంది. తూర్పు ఆఫ్రికా లోతట్టు ప్రాంతాల నుంచి రేవులకు దంతాలు మోయించిన వ్యాపారులే మనుషులనూ అమ్మారు. కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ పాలన దంతంతో మొదలై రబ్బరుతో రక్తసిక్తమైంది. యూరపు, అమెరికా ఇళ్లలో పియానో మెట్లు, బిలియర్డ్ బంతులు ఆ దంతంతోనే చేశారు.

దంతం విషయంలోనే ఇంకో బలమైన అభ్యంతరం ఉంది. ఆఫ్రికా రాజులూ ఏనుగులను చంపించారు, వారి కళాఖండాలూ దంతంతోనే చెక్కారు. మరి తప్పు వలసపాలనదే ఎలా అవుతుంది? బెనిన్ రాజ్యం ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. 1897లో బ్రిటిష్ సైన్యం బెనిన్ నగరాన్ని తగలబెట్టి, రాజప్రాసాదంలోని వేల కళాఖండాలను దోచుకుంది. అందులో రాగి పొదిగిన రెండు దంతపు చిరుతలు విక్టోరియా రాణికి కానుకగా వెళ్లాయి. ఒక్కో చిరుతను అయిదేసి దంతాలు అతికి చేశారు. అంత దంతం రాజుకు ఎలా వచ్చిందంటే, ఆ రాజ్యంలో ఏనుగును వేటాడినవాడు ఒక దంతాన్ని ‘ఓబా’ అనే రాజుకు సమర్పించాలి. చంపడం అక్కడా ఉంది, కాని దానికి రాజు అనుమతి, వాటా, ఆచారం అనే కట్టుబాట్లు ఉన్నాయి. దూరదేశపు గిరాకీకి అలాంటి గట్టు లేదు. వలసపాలన చేసిన పని వేటను మొదలుపెట్టడం కాదు, దాని హద్దులు తెంచడం. హద్దులు తెంచాక, మృగాలు తరిగిపోతున్నాయని గ్రహించి వలస దేశాలు 1900లో లండన్‌లో ఒక సంరక్షణ ఒప్పందం రాసుకున్నాయి. ఆపైన వచ్చిన చట్టాలు లైసెన్సున్న తెల్ల వేటగాడిని వదిలి, పొట్టకూటికి వల పన్నినవాడిని నేరస్తుణ్ణి చేశాయి. ఈ ఒక్క మలుపు అర్థమైతే సమకాలీన ఆఫ్రికా కళలో వేటగాడి బొమ్మ ఎందుకంత తరచుగా వస్తుందో తెలుస్తుంది.

అదే మలుపు మన నేలమీద కలివికోడి చరిత్రలో కనిపిస్తుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడు థామస్ జెర్డన్ (1811-1872) నెల్లూరులో పనిచేసిన కాలంలో యానాదుల దగ్గర జంతువుల గురించి చాలా తెలుసుకున్నాడు. నెల్లూరు, కడప వైపు తూర్పు కనుమల్లో అతనికి దొరికిన ఒక చిట్టడవి పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయంగా వర్ణించాడు. అదే కలివికోడి. దాని ఇంగ్లీషు పేరు జెర్డన్ కోర్సర్, శాస్త్రీయ నామం రైనోప్టిలస్ బైటార్క్వేటస్. జెర్డన్ 1843-47 మధ్య మద్రాసులో వెలువరించిన భారతీయ పక్షుల చిత్రసంపుటిలో యాభై ఫలకాలున్నాయి. ఆ పనిలో దేశీయ చిత్రకారుల చేయి ఉంది. అదే రోజుల్లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ కోసం రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారులు వందల మొక్కలను గీశారు. తంజావూరు ఆస్థాన సంప్రదాయం నుంచి వచ్చిన, తెలుగు రాజు కులానికి చెందిన చిత్రకారులు వీరు. వీరి చిత్రాలు నేడు ఎడింబరో రాయల్ బొటానిక్ గార్డెన్‌లో ఉన్నాయి. వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరు పెట్టి గౌరవించాడు. తర్వాతి శాస్త్రవేత్తలు ఆ ప్రజాతిని వేరొకదానిలో కలిపేయడంతో ఆ పేరు వాడుకలోంచి పోయింది. పక్షి మీద జెర్డన్ పేరు మాత్రం అలాగే ఉంది. 2019 డిసెంబరులో లండన్ వాలెస్ కలెక్షన్‌లో కంపెనీ కాలపు భారతీయ చిత్రకారుల పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు గాని ఇలాంటివారికి గొప్ప కళాకారులన్న మర్యాద దక్కలేదు. షోనిబారే, అకోంఫ్రా ఆఫ్రికా విషయంలో చేస్తున్న పని, అంటే పటం అంచున పేరులేకుండా నిలబడ్డవాణ్ణి మధ్యకు తేవడం, ఇక్కడా జరగవలసి ఉంది.

1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురం దగ్గర చూసిన తర్వాత కలివికోడి శాస్త్రలోకానికి కనిపించలేదు. అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం, బద్వేలు మధ్య రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ అన్వేషణకు నిజమైన దారి చూపినవాడు రాత్రిపూట పిట్టలు పట్టడం తెలిసిన ఒక స్థానికుడు. చట్టం దృష్టిలో వేటగాడు, శాస్త్రానికి ఆధారం: ఈ రెండూ ఆయనే. ఆపైన లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఈ పక్షి గురించి ఇంకో విషయం ఉంది, మన పత్రికల్లో దీని ప్రస్తావన చాలా అరుదు. రైనోప్టిలస్ ప్రజాతిలోని మిగతా పక్షులన్నీ ఆఫ్రికావే. కడప చిట్టడవిలో రాత్రిపూట తిరిగే ఈ పిట్టకు దగ్గరి బంధువులు కెన్యా, టాంజానియా పొదల్లో ఉన్నాయి. షోనిబారే బొంతల మీది పక్షుల వరసలో దీనికీ చోటుందని చెప్పడానికి ఇంతకన్నా కవిత్వం అక్కరలేదు.

అయితే ఇప్పుడు అతి గట్టి అభ్యంతరానికి జవాబు చెప్పాలి. కలివికోడిని ప్రమాదపు అంచుకు నెట్టింది బ్రిటిష్‌వాళ్లు కాదు, మనమే అంటారు కొందరు. ఇందులో నిజం ఎక్కువే. పొదలు కొట్టి నిమ్మతోటలు వేయడం, రాయి తవ్వకం, పశువుల ఒత్తిడి, ఎర్రచందనం దొంగల రాకపోకలు, అన్నీ స్వతంత్ర భారతంలో జరిగినవి. తెలుగుగంగ కాలువ పనులు 2005లో ఆవాసం మీదికి వచ్చాయి. పరిశోధకుల పట్టుదల వల్ల కాలువ దారి మార్చారు. మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు చదవడం, కెమెరా ఉచ్చులు పెట్టడం, కూతలు వినడం, ఇలా ఒక్కో ఆధారం కూడగట్టి ఆ పక్షి ఉనికిని వాళ్లు నిరూపించారు. వలసపాలనను తిట్టి చేతులు దులుపుకునే కళ ఈ వాస్తవం ముందు బలహీనమైపోతుంది. కాని రెండు కాలాలనూ కలిపేది ఒకటుంది: ముళ్లపొదల నేలను పనికిరాని బంజరుగా రెవెన్యూ లెక్కల్లోకి ఎక్కించే అలవాటు. కంపెనీ కాలంలో భూమిని శిస్తు దృష్టితో వర్గీకరించిన పద్ధతి మన చేతికి వచ్చాక కూడా మారలేదు. అడవంటే కలప, నేలంటే పంట, ఈ రెండూ కానిది ఎవరికీ చెందని ఖాళీ అనే చూపు కలివికోడికి ఇప్పటికీ ప్రాణాంతకమే. ఆ చూపు పుట్టుకను చెప్పే కళ మన తప్పును కప్పిపుచ్చదు, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియజేస్తుంది.

ప్రకృతి శాస్త్రవేత్తలు మేలే చేశారు కదా, వారిని నిందించడం కృతఘ్నత అన్న మాట కూడా వినిపిస్తుంది. జెర్డన్ లేకపోతే వెతకవలసింది ఒకటుందని 1986లో ఎవరికీ తెలిసేది కాదు. ఆ రుణం ఒప్పుకోవలసిందే. ఒప్పుకుంటూనే, యానాది చెప్పిన మాట, గోవిందు గీసిన గీత కూడా అదే శాస్త్రంలో భాగమని రాయించుకోవాలి. ఇక గ్యాలరీల్లో ధనికులు కొనే బొమ్మల వల్ల ఒక్క పిట్టయినా బతుకుతుందా అన్న ప్రశ్నకు సూటి జవాబు: బొమ్మ పిట్టను కాపాడదు, కాలువ దారి మార్చిన అధ్యయనంలాంటివే కాపాడతాయి. అయితే పేరు కూడా వినని ప్రాణికోసం ఎవరూ కాలువ దారి మార్పించరు. ఆ పేరును వినిపించేంత వరకే కళ బాధ్యత, అది చిన్న బాధ్యత కాదు.

తెలుగు నేలమీద ఆఫ్రికా వారసత్వం పక్షులకే పరిమితం కాలేదు. వనపర్తి సంస్థానాధీశుల దగ్గర ఏర్పడి, ఆపైన నిజాం కొలువులో చేరిన ఆఫ్రికన్ అశ్వికదళపు వారసులు హైదరాబాదులో నేటికీ ఉన్నారు. ఏసీ గార్డ్స్ పేట పేరు ఆ దళానిదే. పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాయిద్యంలో సిద్దీలనే ఈ ఆఫ్రికా సంతతివారి చేయి ఉంది. పొరుగున ఉత్తర కన్నడ సిద్దీ స్త్రీలు పాతబట్టల ముక్కలతో కుట్టే ‘కవండి’ బొంతలు నేడు విదేశీ మ్యూజియాల్లో వేలాడుతున్నాయి. బొంత అనే రూపాన్ని షోనిబారే లండన్‌లో ఎంచుకున్నాడు, సిద్దీ స్త్రీలు అవసరంతో తరతరాలుగా కుడుతున్నారు. ఈ రెంటినీ ఒకే గోడమీద చూపే ప్రదర్శన ఏ తెలుగు నగరంలోనైనా జరగదగ్గది.

కలివికోడి గుడ్డు ఒకటి స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర సేకరించిన ఆ గుడ్డు దశాబ్దాలపాటు పెట్టెలో పడి ఉండి, 2013లో గుర్తింపు పొందింది. అదే విశ్వవిద్యాలయం 2021 అక్టోబరులో తన దగ్గరున్న బెనిన్ రాజు కంచు తలను నైజీరియాకు తిరిగి ఇచ్చేసింది. గుడ్డును వెనక్కి ఇమ్మనడం అనవసరం. శాస్త్ర నమూనాగా దానికి అక్కడ రక్షణ ఉంది. కాని దాని అచ్చు ప్రతిమను, రంగయ్య, గోవిందుల చిత్రాల నకళ్లను కడపకు రప్పించమని అడిగే హక్కు ఈ జిల్లాకు ఉంది. 2020లో కడపలో ఏర్పడిన డాక్టర్ వైయస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, ఇడుపులపాయలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం, జిల్లా చేనేత సంఘాలు కలిసి నీలిమందు, గినీ గుడ్డ, కలివికోడి మీద ఒక ప్రదర్శన తలపెట్టాలి. లంకమల పల్లెల్లో పిట్టల ఆనవాళ్లు తెలిసినవారిని అందులో పేరుపెట్టి, పారితోషికమిచ్చి, కళాకారులతో సమానంగా కూర్చోబెట్టాలి. ఆ ప్రతిమను, ఆ నకళ్లను కోరుతూ ఎడింబరోకూ అబర్డీన్‌కూ ఉత్తరాలు ఈ ఏడే వెళ్లాలి.